లొకేషన్ బ్రహ్మాండం... మనుషులేరీ?

మన సినిమాల్లో పాటొచ్చే ముందు హీరో హీరోయిన్ కేసి అదోలా చూస్తాడు. ఆ చూపు ముగిసేలోగా ఇద్దరూ దేశం కాని దేశంలో తేలతారు. వెనకాల సరస్సు, సరస్సు అంచున రాతికోట, కోట నెత్తిన మబ్బు. కనుచూపు మేరలో నరమానవుడు వుండడు. గొర్రెలు మాత్రం వుంటాయి. 1998లో వచ్చిన 'కుఛ్ కుఛ్ హోతా హై' టైటిల్ పాటలో షారుఖ్ ఖాన్, కాజోల్ కనిపించిన కోట గుర్తుందా? అది స్కాట్లండ్‌లో వుంది. 2000లో తెలుగులోకి 'ప్రియురాలు పిలిచింది'గా దిగిన రాజీవ్ మీనన్ చిత్రం టైటిల్ పాటకీ యూనిట్ స్కాట్లండే వెళ్ళింది. జేమ్స్ బాండ్ వెళ్ళాడు, హారీ పోటర్ వెళ్ళాడు. ఇంతమంది తొక్కిన నేల మనం మాత్రం ఎందుకు తొక్కకూడదని నేనూ వెళ్ళాను.

ఎడింబరోలో మా మేనల్లుడున్నాడు. వాడికి కారుంది గానీ నడిపేది వాడి భార్య. "కొండ రోడ్ల మీద ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వను మావయ్యగారూ, ఆయన దృశ్యాలు చూస్తారు" అంది ఆ అమ్మాయి. సబబే అనిపించింది. జూన్ నెల, మూడు రోజుల ప్రయాణం, డిక్కీలో పులిహోర డబ్బా, వెనక సీట్లో నేను. అక్కడ కూడా మనలాగే రోడ్డుకి ఎడమపక్కనే నడుపుతారు కనుక కళ్ళు తిరగవు. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది. షూటింగువాళ్ళకి ఇంతకంటే వరం ఏం కావాలి? వానొచ్చి కాల్‌షీట్లు మింగేస్తుందనుకోండి, అది వేరే సంగతి.

వంతెన లేని వంతెన యుద్ధం

ఎడింబరో నుంచి వాయవ్యంగా నలభై మైళ్ళ లోపే స్టెర్లింగ్. నల్లరాతి గుట్టమీద కోట. దానికి ఎదురుగా ఇంకో గుట్టమీద 220 అడుగుల రాతి గోపురం. అది విలియం వాలెస్ స్మారకం, 1869లో తెరిచారు. పైకి 246 మెట్లు, అన్నీ మెలికలే. ఎక్కాను. పైనుంచి చూస్తే ఫోర్త్ నది పాము మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. ఆ నది మీది చెక్కవంతెన దగ్గరే 1297 సెప్టెంబరు 11న వాలెస్, ఆండ్రూ మరే కలిసి ఇంగ్లీషు సైన్యాన్ని చితక్కొట్టారు. కిటుకంతా ఆ వంతెనలోనే వుంది. అది ఇరుకు. ఇంగ్లీషువాళ్ళు సగంమంది దాటేదాకా ఓపిక పట్టి, అప్పుడు మీదపడ్డారు.

అదే యుద్ధాన్ని 1995లో మెల్ గిబ్సన్ 'బ్రేవ్‌హార్ట్'లో తీశాడు. చూసినవాళ్ళు బాగా గుర్తు చేసుకోండి. అందులో వంతెన లేదు! పైగా తీసింది స్కాట్లండ్‌లో కాదు, ఐర్లండ్ మైదానంలో. సైనికులుగా పరిగెత్తినవాళ్ళలో ఐర్లండ్ రిజర్వు సైన్యం కుర్రాళ్ళు బోలెడుమంది. వంతెన లేని స్టెర్లింగ్ బ్రిడ్జి యుద్ధం అంటే వారధి కట్టకుండా లంక చేరినట్టు. అయితేనేం, సినిమా జనానికి ఎక్కింది. ఎంతగా ఎక్కిందంటే 1997లో ఈ గుట్ట కింద కార్లు ఆపే చోట వాలెస్ విగ్రహం పెడితే, దానికి ముఖం మెల్ గిబ్సన్‌ది వచ్చింది. చాలామంది మండిపడ్డారు. 2008లో తీసేశారు. నాకైతే అందులో పెద్ద వింత కనిపించలేదు. మనకి కృష్ణుడంటే రామారావుగారు కళ్ళముందుకి రారూ?

కొబ్బరిచిప్పల కోట

స్టెర్లింగ్ దాటి ఎనిమిది మైళ్ళు వెళితే డూన్ అనే వూరు. వూరి చివర, చెట్ల మధ్య, నది వొడ్డున 14వ శతాబ్దం చివరినాటి కోట. చిన్నదే, కానీ గోడలు నిటారుగా, మొండిగా నిలబడివుంటాయి. 1974లో మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్యగాళ్ళ ముఠా ఇక్కడ తమ రాజుల కథ షూటింగు పెట్టుకుంది. 1975లో విడుదలైన ఆ చిత్రంలో మీరు చూసే కోటల్లో చాలా భాగం ఈ ఒక్క కోటే. మిగతాచోట్ల అనుమతి దొరక్క, దీన్నే అటు తిప్పి ఇటు తిప్పి వాడేశారు. గుర్రాలకి డబ్బుల్లేవు. రాజుగారు గుర్రమెక్కినట్టు ఎగురుతూ వస్తుంటే, వెనకాల నౌకరు రెండు కొబ్బరిచిప్పలు టకటకలాడిస్తుంటాడు! నిర్మాత దగ్గర డబ్బు లేకపోతే దర్శకుడికి బుర్ర పనిచేస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఈ కోట చరిత్ర చెవిలో చెప్పే టేపు కూడా ఆ ముఠాలోని టెర్రీ జోన్స్ గొంతే. ఆయన 2020లో పోయాడు. గొంతు మాత్రం ఇంకా ఆ మెట్లమీద జోకులేస్తోంది.

డూన్ దాటాక కొండలు మొదలవుతాయి. ఇంకో అరగంటకి పక్కదారి పట్టి బాల్‌క్విడర్ అనే చిన్న పల్లెకి వెళ్ళాం. చర్చి ముంగిట్లో రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ సమాధి. 1734లో పోయిన పశువుల వ్యాపారి. పశువులకి కాపలా కాస్తానని డబ్బు గుంజి, ఇవ్వనివాళ్ళ పశువులు మాయం చేసిన ఘనుడు కూడానట. మన విలన్లు రోజూ వాడే 'బ్లాక్‌మెయిల్' అన్న మాట పుట్టింది ఈ దేశపు సరిహద్దు సీమల్లోనే. 'మెయిల్' అంటే వాళ్ళ భాషలో శిస్తు. ఆయనమీద కూడా 1995లోనే సినిమా వచ్చింది, లియాం నీసన్ హీరో.

నన్ను ఆపేసింది ఆ సంగతి కాదు. సమాధి రాతిమీద చెక్కిన మాటకి మన భాషలో అర్థం, 'మీరెన్ని చేసినా మెక్‌గ్రెగరే' అని. ఎందుకలా? 1603లో రాజుగారు ఆ ఇంటిపేరునే నిషేధించాడు. ఆ పేరు పెట్టుకుంటే మరణశిక్ష. మధ్యలో కొన్నాళ్ళు సడలించి, మళ్ళీ బిగించి, చివరికి 1774లో గానీ ఎత్తెయ్యలేదు. అంటే రాబ్ రాయ్ తన బతుకులో ఎక్కువ భాగం తన ఇంటిపేరు తనకి లేకుండా గడిపాడు. మనిషిని వూళ్ళోంచి వెళ్ళగొట్టడం విన్నాం. పేరులోంచి వెళ్ళగొట్టడం ఇక్కడే చూశాను.

గ్లెన్‌కో లోయ

అక్కణ్ణుంచి రెండు గంటల్లో రానక్ మూర్ దాటాం. యాభై చదరపు మైళ్ళ బురదనేల, మధ్య మధ్య నల్లటి నీటిగుంటలు, ఎక్కడా ఇల్లనేది లేదు. ఆ తరువాత రోడ్డు వున్నట్టుండి రెండు కొండల మధ్యకి జారిపోతుంది. అదే గ్లెన్‌కో. చెప్పక తప్పదు, అలాంటి చోటు నేనింతవరకు చూడలేదు. కొండలు పచ్చగా వుంటాయి గానీ చెట్లుండవు. మబ్బు నీడ ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కుతుంటుంది. 2012లో వచ్చిన 'స్కైఫాల్'లో బాండ్ కారాపి దూరంగా చూస్తూ నిలబడేది ఈ చుట్టుపక్కలే. ఆ సినిమాలో అతని పాత బంగళా మాత్రం ఇక్కడ లేదు. అది లండన్‌కి దగ్గర్లో సర్రేలో వేసిన సెట్టింగు. హారీ పోటర్ మూడో చిత్రంలోని హాగ్రిడ్ గుడిసె ఈ లోయలోనే వేశారు, షూటింగయ్యాక పీకేశారు.

"మామయ్యా, చూడు, ఎంతదూరం చూసినా ఒక్క ఇల్లు లేదు. ఎంత అందంగా వుందో" అన్నాడు మేనల్లుడు.

అందంగానే వుంది. మరి ఇక్కడ ఇళ్ళెందుకు లేవు?

గ్లెన్‌కో పేరు చెబితే ఆ దేశంలో పిల్లలకి కూడా తెలిసేది 1692 ఫిబ్రవరి 13. ఇక్కడి మెక్‌డొనాల్డుల పెద్ద కొత్త రాజుకి విధేయత ప్రమాణం చెయ్యాలి. జనవరి 1 గడువు. ఆయన ముందు ఫోర్ట్ విలియం వెళ్ళాడు. ఇక్కడ కాదు, ఇన్వరేరీ వెళ్ళమన్నారు. మంచులో పడి వెళ్ళేసరికి గడువు దాటింది. 6న సంతకం పెట్టాడు. ఆఫీసులో ఈ కిటికీ కాదు ఆ కిటికీ అని తిప్పడం మన దగ్గరే వుందనుకునేవాళ్ళు గమనించాలి. అయితే అక్కడ ఫలితం వేరు. ఫిబ్రవరి మొదట్లో కెప్టెన్ రాబర్ట్ కేంప్‌బెల్ నాయకత్వాన సుమారు 120 మంది సిపాయిలు వచ్చి ఈ లోయ ఇళ్ళల్లోనే బస చేశారు. వచ్చినవాడు శత్రువైనా అతిథే అన్నది ఆ కొండజాతుల ధర్మం. దాదాపు రెండు వారాలు పెట్టిందల్లా తిన్నారు, పేకాడారు. 13 తెల్లవారుజామున ఐదింటికి, డెబ్భయ్యేళ్ళ లోపువాళ్ళనెవరినీ వదలొద్దన్న ఉత్తరువు ప్రకారం, తాము తిన్న ఇంటివాళ్ళనే చంపారు. 38 మంది. మంచుతుఫానులో కొండల్లోకి పారిపోయి, చలికి పోయినవాళ్ళు ఇంకెందరో. చంపడం వాళ్ళకి కొత్త కాదు. ఉప్పు తిన్న ఇంట్లో చంపడం మాత్రం ఇవాళ్టికీ మర్చిపోలేదు. ఆ రాత్రి మేం భోంచేసిన క్లాకిగ్ సత్రంలో, చిల్లర వర్తకులకీ కేంప్‌బెల్లులకీ ప్రవేశం లేదని రాగి పలక ఒకటి వుంది. వేళాకోళానికే అంటారు. మూడొందల ఏళ్ళు దాటిన వేళాకోళం!

ఇక్కడ సినిమా అయితే శుభం కార్డు పడుతుంది, లోయ ఖాళీ అయిందని అర్థమవుతుంది. కానీ కథ అలా నడవలేదు. బతికినవాళ్ళు తిరిగొచ్చారు. ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. ఆ తరవాత నాలుగు తరాలు ఇక్కడ పశువులు కాచుకుంటూ, ఓట్లు పండించుకుంటూ బతికారు. రోడ్డుపక్కన కారాపి నాలుగడుగులు నడిస్తే గడ్డిలో మోకాలెత్తు రాళ్ళ వరసలు చతురస్రంగా కనిపిస్తాయి. అవి ఇళ్ళ పునాదులు. విజిటర్ సెంటర్ దగ్గర అలాంటి మట్టిపెళ్ళల ఇల్లు పాత పద్ధతిలో మళ్ళీ కట్టి చూపిస్తున్నారు. లోపల చీకటి, మధ్యన పొయ్యి, పైన గడ్డికప్పు. ఈ లోయని కత్తి ఖాళీ చెయ్యలేకపోయింది. ఖాళీ చేసింది గొర్రె. ఆ సంగతి మూడోరోజు దాకా ఆపుతాను, ఎందుకంటే దాన్ని అర్థం చేసుకోడానికి ఇంకో యుద్ధభూమి చూడాలి.

ఒకటి మాత్రం ఇక్కడే చెప్పాలి. మా అమ్మ పుట్టిన వూరు నందికొట్కూరు వైపు, కృష్ణ వొడ్డున. 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు సుమారు వంద వూళ్ళతో పాటు అదీ మునిగింది. ఇవాళ ఆ నీళ్ళమీద పడవ షికారు చేసేవాళ్ళు, ఎంత విశాలంగా వుందో అనుకుంటారు. విశాలంగానే వుంటుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, పత్రికల్లో బొమ్మలు పడతాయి. మా అమ్మమ్మ ఇంటి అరుగు ఎటువైపు తేలుతుందో చూపించగలిగినవాళ్ళు ఇప్పుడు మా ఇంట్లో లేరు. అందుకని రాళ్ళ వరసలు ఎక్కడ కనిపించినా నేను కారాపమంటాను.

సెట్టింగు కాని సెట్టింగు

రెండోరోజు పొద్దున ఫోర్ట్ విలియం మీదుగా గ్లెన్‌ఫినన్ వెళ్ళాం. హారీ పోటర్ రైలు దాటే వంపు వంతెన అక్కడే. 21 ఆర్చీలు, 100 అడుగుల ఎత్తు, 1897-1901 మధ్య రైలుమార్గంతో పాటు కట్టారు. అంతా కాంక్రీటే. పొగబండి వచ్చే వేళకి కొండమీద జనం తిరనాళ్ళలా నిలబడ్డారు. బండి వచ్చింది, కూసింది, పోయింది. జనమూ పోయారు. వాళ్ళలో చాలామంది వెనక్కి తిరిగి సరస్సు వొడ్డునున్న స్తంభాన్ని చూడనే లేదు. 1745 ఆగస్టు 19న ప్రిన్స్ చార్లీ అనే పాతికేళ్ళలోపు కుర్రాడు ఫ్రాన్స్ నుంచి దిగి, తన తండ్రిదే బ్రిటన్ సింహాసనమని జెండా ఎత్తిన చోటది. కొండజాతుల పెద్దలు కొందరు వెంట నడిచారు, కొందరు తలుపులేసుకున్నారు. వెంట నడిచినవాళ్ళ గతి ఏమైందో రేపు చూద్దాం.

వెనక్కొచ్చి ఉత్తరంగా తిరిగి, షీల్ లోయలోంచి దిగేసరికి సాయంత్రం అయిదయింది. దారి ఒంపు తిరిగింది. మూడు సముద్రపాయలు కలిసేచోట, చిన్న దీవిమీద, సన్నటి రాతివంతెన చివర... అదిగో! ఎయిలీన్ డోనన్. షారుఖ్ ఖాన్ కోట. 1986లో 'హైలాండర్' తీసిన కోట. 1999 బాండ్ చిత్రంలో గూఢచారి దళానికి ఆఫీసైన కోట. ముందు సీట్లో వాళ్ళిద్దరూ పాటెత్తుకున్నారు. నాకూ కాలు ఆడింది, దాచడమెందుకు!

ఇప్పుడు గుట్టు విప్పుతాను. మీరు చూసే ఈ వెయ్యేళ్ళ నాటి కోట వయసు వందేళ్ళకి కాస్త అటూ ఇటూ! 13వ శతాబ్దంలో కట్టిన అసలు కోట 1719లో పోయింది. అప్పుడూ ఒక తిరుగుబాటు జరిగింది. సహాయానికి వచ్చిన స్పెయిన్ సైనికులు 46 మంది ఇందులో మందుగుండుతో కూర్చున్నారు. మే 10న ఇంగ్లీషు యుద్ధనౌకలు మూడు ఈ పాయలోకొచ్చి ఫిరంగులు పేల్చాయి. లోపలున్న 343 పీపాల మందునే వాడి కోటని పేల్చేశాయి. రెండొందల ఏళ్ళు మొండిగోడలుగా పడివుంది. 1911లో మెక్రే వంశానికి చెందిన సైనికాధికారి ఒకాయన కొని, 1912 నుంచి 1932 దాకా ఇరవయ్యేళ్ళు కట్టించాడు. మేస్త్రీకి కోట ఎలా వుండేదో కలలో కనిపించిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. వంతెన కూడా అప్పటిదే. అందమైన పని. ఆర్ట్ డైరెక్టర్లు దండం పెట్టుకోవాల్సిన పని. కానీ అసలు మధ్యయుగం కావాలంటే డూన్‌లో వుంది, ఇక్కడ వున్నది దాని కల.

ఈ కోట చాలాకాలం మెకంజీలది. మెక్రేలు వాళ్ళకి కాపలాదార్లు. మెకంజీ! తెలుగువాడు ఆ పేరు విని వూరుకోలేడు. మన పల్లెపల్లెకీ మనుషుల్ని పంపి కైఫీయతులు రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ ఈ పశ్చిమ తీరానికి ఎదురుగా వున్న లూయీ దీవివాడు. స్టోర్నవేలో 1754లో పుట్టాడు. ఆ దీవి కూడా ఈ కోట యజమానులైన సీఫోర్త్ మెకంజీ ప్రభువులదే. 1783లో మద్రాసు దిగాడు. ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు దొరక్కపోతే ఆయనకి మన దేశం అర్థమయ్యేది కాదు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కలకత్తాలోనే పోయాడు. ఏ వూళ్ళో ఏ గుడి ఎవరు కట్టించారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరిది అని వూరివాళ్ళ నోటితోనే చెప్పించి రాయించిన మనిషి. ఆయన మన దగ్గర ఆ పనిలో మునిగివున్న ఏళ్ళల్లోనే, ఆయన సొంత గడ్డమీద వూళ్ళకి వూళ్ళే కాగితాల మీంచి లేచిపోవడం మొదలైంది.

గంటలోపు యుద్ధం

మూడోరోజు లాక్ నెస్ పక్కగా ఇన్వర్నెస్ వెళ్ళాం. సరస్సులో భూతముందంటారు. మాకు కనిపించలేదు. భూతం బొమ్మలమ్మే కొట్లు మాత్రం చాలా కనిపించాయి. ఇన్వర్నెస్ దాటాక కల్లోడెన్ మైదానం. 1746 ఏప్రిల్ 16న ప్రిన్స్ చార్లీ సైన్యం ఇక్కడే ఓడింది. రాత్రంతా నడిచి, తిండిలేక, బురదలో కత్తులతో పరిగెత్తినవాళ్ళ మీద ఫిరంగులు, తుపాకులు పనిచేశాయి. గంట కూడా పట్టలేదు. ఆ పక్కన పోయినవాళ్ళు సుమారు 1,500. సర్కారువారి పక్షాన 50 మంది. ఇప్పుడక్కడ గడ్డిలో వంశాల పేర్లు చెక్కిన రాళ్ళున్నాయి. 1881లో పెట్టినవి. మైదానం చదునుగా, చప్పుడు లేకుండా వుంటుంది.

ఓడించాక గెలిచినవాళ్ళు ఏం చేశారో చూడండి. ఆ కొండవాళ్ళు కట్టుకునే గళ్ళబట్టని 1746లో చట్టం పెట్టి నిషేధించారు. 1782 దాకా కట్టకూడదు. పెద్దలకి తమ మనుషులమీద వున్న న్యాయాధికారాలు తీసేశారు. ఇది రెండోది, పైకి మంచిదే. కానీ అంతకుముందు పెద్దకి బలమంటే తన వెనక కత్తిపట్టే మనుషుల సంఖ్య. ఇప్పుడు కత్తులు పోయాయి. మనుషులెందుకు? పెద్ద భూస్వామి అయ్యాడు, లండన్‌లో ఇల్లు తీసుకున్నాడు, ఖర్చులు పెరిగాయి. అదే సమయంలో దక్షిణాది గొర్రెల వ్యాపారులొచ్చి, ఆ లోయ మొత్తం మాకివ్వండి, మీ రైతులిచ్చే కౌలుకి ఎన్నో రెట్లిస్తామన్నారు. రైతులకి పట్టాల్లేవు. తాతలనాటి నుంచి వున్నాం అన్నదొక్కటే వాళ్ళ కాగితం. అది కోర్టులో చెల్లలేదు. 18వ శతాబ్దం చివర్నుంచి 19వ శతాబ్దం నడిమి దాటేదాకా లోయ వెనక లోయ ఖాళీ అయింది. కొన్నిచోట్ల ఇళ్ళకప్పులు తగలబెట్టి మరీ పంపారు. మనుషులు సముద్రపు వొడ్డు బండలమీదికి, గ్లాస్గో మిల్లుల్లోకి, కెనడా ఓడల్లోకి పోయారు.

ఇందులో సినిమావాడిగా నాకు మింగుడు పడని దృశ్యం ఒకటుంది. 1822లో రాజు నాలుగో జార్జి ఎడింబరో వచ్చాడు. నవలా రచయిత వాల్టర్ స్కాట్ ఆ వేడుకకి దర్శకుడు. రాజుకీ, ప్రభువులకీ అందరికీ ఆ గళ్ళబట్ట కట్టించి వూరేగించాడు. ఎవరి ఒంటిమీంచి చట్టం ఆ బట్టని లాగేసిందో వాళ్ళ పిల్లలు అదే ఏళ్ళల్లో లోయల్లోంచి గెంటుబడుతున్నారు. కాస్ట్యూమ్ బతికింది, కట్టుకున్నవాళ్ళు లేచిపోయారు. అది జరిగాక వచ్చినవాళ్ళకి ఖాళీ కొండలే సౌందర్యమైపోయాయి. కెమెరాలు వచ్చేసరికి లొకేషన్ తయారుగా వుంది.

ఎవరూ పాట తియ్యని చోటు

మధ్యాహ్నం మూడయింది. "ఎడింబరో తిరిగిపోదామా మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. ఇంకో వూరుందన్నాను. "అక్కడేం సినిమా తీశారు?" అన్నాడు. ఏమీ తియ్యలేదన్నాను. అమ్మాయి నావైపు అద్దంలోంచి చూసి, మారుమాట లేకుండా కారు ఉత్తరానికి తిప్పింది.

ఆర్డ్‌గే అనే చోటు నుంచి పది మైళ్ళు కారన్ నది పక్కన లోపలికి వెళ్ళాలి. రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. ఎదురుగా ఎవరైనా వస్తే, పక్కకి తప్పుకోడానికి అక్కడక్కడా జాగాలు కట్టారు. ఎవరు ముందు ఆ జాగాకి దగ్గరగా వుంటే వాళ్ళు ఆగాలి, రెండోవాళ్ళు వెళుతూ చెయ్యెత్తాలి. ఆ మర్యాద నాకు నచ్చింది. మాకు ఎదురైంది ఒక్క పోస్టు వ్యాను.

దారి చివర క్రోయిక్ చర్చి. 1827లో కట్టింది, థామస్ టెల్‌ఫర్డ్ నమూనా. తెల్లటి సాదా గోడలు, కోడిపుంజంత ఆర్భాటం కూడా లేదు. పక్కలోయ పేరు గ్లెన్‌కాల్వీ. అక్కడ 18 కుటుంబాలుండేవి. కౌలు బకాయి లేదు. అయినా ఖాళీ చెయ్యమన్నారు. మొదటిసారి నోటీసులు తెస్తే ఆడవాళ్ళు ఎదురెళ్ళి ఆ కాగితాలు తగలబెట్టారు. రెండోసారి కుదరలేదు. 1845 మే నెలలో ఎనభై మందికి పైగా లోయ విడిచివచ్చి ఈ చర్చి ముంగిట్లో, సమాధుల మధ్య, కర్రలు పాతి దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. పసిపిల్లలతో సహా. లండన్ 'టైమ్స్' విలేఖరి వచ్చి చూసి రాశాడు. దేశమంతా చదివింది. ఎవరూ లోయ తిరిగివ్వలేదు.

తూర్పు కిటికీకి వజ్రాల ఆకారంలో చిన్న చిన్న గాజుపలకలున్నాయి. వాటిమీద బయటినుంచి, మేకుతోనో కత్తిమొనతోనో గీసిన రాతలు. వాళ్ళు బయటే వున్నారు కనుక బయటినుంచే గీశారు. ఒకదానిమీద గ్లెన్‌కాల్వీ జనం ఇక్కడ వున్నారని, 1845 మే 24 అని తేదీతో సహా. ఇంకోదానిమీద గ్లెన్‌కాల్వీ జనం పాపిష్టి తరం అని. తమకొచ్చిన కష్టం తమ పాపానికి శిక్షే అనుకున్నారన్నమాట. వాళ్ళు మాట్లాడుకునేది గేలిక్. రాసింది మాత్రం ఇంగ్లీషులో. చదవాల్సింది తమవాళ్ళు కాదని తెలిసే రాశారేమో. అమ్మాయి ఆ గాజుకి వేలు తగలనివ్వకుండా ఒక్కో అక్షరం మీదా గాలిలో వేలు నడిపింది. మేనల్లుడు ఫొటో తీద్దామని ఫోను ఎత్తి, చర్చి ముంగిట్లో గడ్డిని చూసి, దించేశాడు. కొంచెంసేపు ముగ్గురం మాట్లాడుకోలేదు. గోడ అవతల గొర్రెలు గడ్డి కొరుకుతున్న చప్పుడు వినిపించింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. ఆర్డ్‌గే దాటాక పెట్రోలు బంకు కోసం చూడకండి, ముందే పోయించుకోండి. జూన్ దాటితే మిడ్జ్ అనే నుసిదోమలు ముఖంమీద మూగుతాయి, పూత మందు దగ్గరుంచుకోండి. ఇన్వర్నెస్‌లో బస చేస్తే పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చెయ్యొచ్చు. పొద్దునే మంచిది, ఎండ తూర్పు కిటికీ మీద పడుతుంది. రాతలు చాలా సన్నం, దూరంనుంచి కనిపించవు. కళ్ళజోడు పెట్టుకుని, గాజుకి బాగా దగ్గరగా వంగి చూడాలి.